పనసచెక్క ఉడికిన ఏడాది

మా వీధి చివర కొత్త ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళు మొన్న పెరట్లోని పనసచెట్టు కొట్టించేశారు. నేను బడి నుంచి వచ్చే వేళకి చెట్టు నేల మీద పడి ఉంది. మనుషులు రంపం పక్కన పెట్టి టీ తాగుతున్నారు. రంపపు పొట్టు గోడ దాటి రోడ్డు మీదికి కొట్టుకొచ్చింది, పసుపు ఆరబోసినట్టు. పచ్చి పనసచెక్కకి ఒక వాసన ఉంటుంది. జిగురు పాల వాసన, దాని వెనక సన్నటి తీపి. పండు వాసనకీ దానికీ సంబంధం లేదు. ఎన్నో ఏళ్ళయింది ఆ వాసన తగిలి.

"చెక్కేవన్నా కావాలాండీ మేడమ్ గారూ?" అన్నాడు రంపం మనిషి.

"వద్దండి. ఊరికే చూస్తున్నాను."

ఊరికే అన్నాను గానీ, వంగి దుంగ మీద చెయ్యి పెట్టాను. తడిగా, చల్లగా ఉంది. ఇంటికొచ్చాక చాలాసేపు చెయ్యి కడుక్కోబుద్ధి కాలేదు. రిటైర్మెంటు దగ్గరపడిన టీచరుని, వీధిలో నిలబడి చెట్టుని తడుముతుంటే చూసినవాళ్ళు ఏమనుకున్నారో తెలీదు. అప్పటి నుంచీ అమ్మే కళ్ళలో మెదులుతోంది.

మాది సఖినేటిపల్లి రేవుకి ఇవతల, పంటకాలువ గట్టు మీదున్న ఒక పేట. తాతల కాలం దాకా మావాళ్ళంతా పొలం కూలీలే. మా నాన్న మాత్రం కుర్రతనంలో గోదారి దాటి వెళ్ళి, నర్సాపురంలో మంచం కోళ్ళూ ఉయ్యాల కడ్డీలూ తీసే దుకాణంలో పనికి కుదిరాడు. అక్కడే తరిమెన పట్టడం నేర్చుకున్నాడు. తరిమెన అంటే చెక్కని గిరగిరా తిప్పే యంత్రం. కుట్టుమిషను తొక్కినట్టు కాలితో తొక్కుతూ, తిరుగుతున్న చెక్కకి ఉలి ఆనిస్తే పెచ్చులు పెచ్చులుగా లేచిపోయి గుండ్రంగా వస్తుంది. కొన్నాళ్ళకి నాన్న సొంతంగా ఒక తరిమెన చేయించుకుని, మా పెరట్లో కొబ్బరాకుల పాక వేసి, అందులో పెట్టాడు. మంచం కోళ్ళు మానేసి గిన్నెలు తియ్యడం మొదలుపెట్టాడు. చెక్క గిన్నెలు. ఉప్పుకీ, చింతపండుకీ అప్పట్లో ప్రతి ఇంట్లోనూ అవే వాడేవారు. ఉప్పూ పులుపూ కలిసి ఇనుముని తినేస్తాయి, చెక్కని ఏమీ చెయ్యలేవు.

గిన్నె తియ్యడం నాన్న పని. అది పగలకుండా చూడడం అమ్మ పని.

పచ్చి చెక్కతో తీసిన గిన్నె నాలుగు రోజులు బయట ఉంటే చాలు, అంచు నుంచి అడుగు దాకా బీట పడిపోతుంది. అలాగని చెక్క ఎండాక తియ్యాలంటే అది రాయిలా అయిపోయి ఉలి దిగదు. అందుకని నాన్న పచ్చిగా ఉండగానే దళసరిగా, ముతకగా గిన్నె ఆకారం తీసేవాడు. అమ్మ ఆ ముతక గిన్నెల్ని నీళ్ళలో పడేసి ఒక పూటంతా ఉడకబెట్టేది. మా పక్క రోడ్డు వేసినప్పుడు పారేసిన తారు డ్రమ్ము ఒకటి ఉండేది, సగానికి కోసి, కాల్చి శుభ్రం చేసింది. అందులోనే ఉడికేవి. చెక్క పైకి తేలిపోతుంది కాబట్టి మీద తాటిచెక్క వేసి దాని మీద పాత తిరగలి రాయి పెట్టేవారు. కింద కొబ్బరికాయలు ఒలిచాక మిగిలిన డొక్కల మంట.

"ఎందుకు ఉడకబెట్టాలమ్మా?" అని నేను అడిగితే అమ్మ ఒకసారి చెప్పింది. "చెట్టు కొట్టేసినా దాని ఒంట్లో నీళ్ళుంటాయి గదా. పైన ముందు ఆరిపోయి లోపల తడిగా ఉండిపోయిందనుకో, పైదీ లోపలిదీ చెరో పక్కా లాక్కుంటాయి. అప్పుడే బీట పడతాది. ఉడికితే లోపలా పైనా ఒకటే అయిపోతాది. ఇంక కొట్లాడుకోవు."

ఉడికాక కూడా వెంటనే తియ్యనిచ్చేది కాదు. నీళ్ళు వాటంతటవి చల్లారాలి. తర్వాత గిన్నెల్ని నీడలో తుడిచి, వడ్ల ఊకలో పూడ్చిపెట్టేది. నెలల తరబడి ఆ ఊకలోనే మెల్లగా ఆరేవి. మధ్య మధ్య ఒక గిన్నెని పైకి తీసి చెంపకి ఆనించుకునేది. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టు. మళ్ళీ ఊకలోకి. నేనూ తమ్ముడూ కూడా చెంపలకి ఆనించుకుని పెద్ద తెలిసినవాళ్ళలాగా తలలు ఆడించేవాళ్ళం. మా చెంపలకి అన్నీ చల్లగానే ఉండేవి.

నాకు తొమ్మిదేళ్ళో పదేళ్ళో ఉన్న ఏడాది తుఫాను వచ్చింది.

పేటంతా చర్చిలో తలదాచుకున్నాం, దాని కప్పు లేచిపోయినా గోడలు నిలిచాయి. తెల్లారి గాలి తగ్గాక బయటికి వస్తే ఊరు గుర్తుపట్టలేకపోయాం. కొబ్బరిచెట్లు సగం పడిపోయాయి, నిలబడ్డవాటికి తలల్లేవు. ప్రతి దొడ్లోనూ పనసలూ, గట్ల మీద గంగరావిచెట్లూ వేళ్ళతో సహా పైకి లేచి పక్కకి ఒరిగి ఉన్నాయి. మా ఇంటి మట్టిగోడలు కూలిపోయాయి. పాక ఎగిరిపోయింది. తరిమెన మాత్రం బురదలో కూరుకుని అలాగే ఉంది. మా మామ్మ, అంటే నాన్న వాళ్ళమ్మ, దాని మీద కూర్చుని చుట్టూ చూసి, "ఒరే అబ్బాయ్, చెట్లన్నీ పడుకుండిపోయాయిరా" అంది, మనుషుల గురించి చెప్పినట్టు.

తర్వాత నెల రోజులూ తిన్నది కొబ్బరే. పడిపోయిన కాయలు ఎవరు ఏరుకుంటే వాళ్ళవి. కొబ్బరి పచ్చడి, కొబ్బరి కూర, కొబ్బరన్నం, బెల్లం దొరికిన రోజున లౌజు. తమ్ముడికి కొబ్బరి పేరెత్తితే ఏడుపు వచ్చేది. మామ్మ ఎండు రొయ్యల డబ్బా ఒకటి ఎలాగో గోడ కింద నుంచి తవ్వి తీసింది. ఆ రోజు మేము తలదాచుకున్న టార్పాలిన్ కింద పెళ్ళి భోజనం తిన్నట్టే ఉంది.

నాన్నకి మాత్రం ఆ పడిపోయిన చెట్లు చూసి కాలు నిలవలేదు. ఎవరి దొడ్లో అడిగినా, "తీసుకుపో నాయనా, దారి ఖాళీ అవుద్ది" అనేవారు. దుంగలు కోయించి, తాడు కట్టి కాలువలోకి దొర్లించి, మొలలోతు నీళ్ళలో నడుస్తూ లాక్కొచ్చేవాడు. దూరం నుంచి చూస్తే గేదెల్ని తోలుకొస్తున్నట్టు ఉండేది. నేనూ తమ్ముడూ గట్టు మీద పరిగెడుతూ వచ్చేవాళ్ళం. మా ఇల్లింకా లేవలేదు గానీ పెరడంతా దుంగలతో నిండిపోయింది. బతికుండగా అంత చెక్క మళ్ళీ చూడనని నాన్న అనేవాడు. పచ్చిది పచ్చిగా ఉండగానే పని చెయ్యాలి. ఇంటి గోడల కంటే ముందు పాక వేసేశాడు. మామ్మ సణిగింది. అమ్మ పాక కప్పుకి ఆకులు అందించింది.

క్రిస్మస్ పైకప్పు లేని చర్చిలో జరిగింది. కువైటులో పనిచేసే మా పెద్దమ్మ, అమ్మ వాళ్ళక్క, సెలవు మీద ఆ పండక్కి వచ్చింది. ఆరాధన అయ్యాక మా టార్పాలిన్ కిందికి వచ్చి, కూర్చోడానికి చోటు వెతుక్కుని, ఒక దుంగ మీద కూర్చుంది. ఆవిడ సెంటు వాసన పొగ వాసనని కూడా మింగేసింది.

"మా సేటు చెల్లెలింట్లో మనిషి కావాలంటన్నారే. నీ సంగతి చెప్పేను. వీసా నేను చూసుకుంటాను" అంది అమ్మతో.

"పిల్లలో అక్కా?"

"మీ అత్తగారు లేరా? ఈ టార్పాలిన్ కింద ఎన్నాళ్ళని ఉంటారు చెప్పు. కొన్నాళ్ళు కళ్ళు మూసుకుంటే గోడలు లేస్తాయి, పిల్లలు చదువుకుంటారు."

మామ్మ పొయ్యి దగ్గర నుంచి, "నేను ఉన్నానమ్మా, ఉండకేం. అయితే వాళ్ళకి కావలసింది నేను కాదు గదా" అంది.

నాన్న ఉలి సాన పట్టుకుంటూ కూర్చున్నాడు. పెద్దమ్మ వెళ్ళేటప్పుడు మాత్రం లేచి, "ఆయ్, మంచిదండి" అన్నాడు. ఏది మంచిదన్నాడో ఎవరికీ తెలీదు.

మర్నాటి నుంచి నాన్న వేగం పెరిగింది. తెల్లారింది మొదలు పొద్దు వాలేదాకా తరిమెన ఆగేది కాదు. అమ్మ డ్రమ్ము కింద మంట ఆరేది కాదు. ఒక సాయంత్రం డొక్కలు అందిస్తూ నేను పక్కనే ఉన్నాను. నాన్న పాకలోంచి ముతక గిన్నెలు తెచ్చి అమ్మ పక్కన పెట్టి, అక్కడే గొంతుక్కూర్చున్నాడు.

"వేసవికి ఇదంతా ఆరిపోద్ది" అన్నాడు. "ఇంత సరుకు నా జన్మలో తియ్యలేదు. నర్సాపురంలో షావుకారు ఎంతైనా తెమ్మన్నాడు. ఇంక నువ్వు ఎళ్ళడం దేనికి?"

అమ్మ మంటలో డొక్క తిప్పుతూ, "చెక్క ఆరేదాకా వీసా ఆగదండి" అంది.

"ఆగమని చెప్పు మీ అక్కకి."

"చెప్పేను. ఇంకో మనిషిని చూసుకుంటామన్నారంట." డ్రమ్ము కిందికి ఇంకో డొక్క తోసి, "వానాకాలం వచ్చేలోగా గోడలు లేవాలి గదండి. మామ్మగారు తడి నేల మీద పడుకుంటున్నారు. దగ్గు వింటున్నారు గదా" అంది. అత్తగారిని అమ్మ ఎప్పుడూ మామ్మగారనే అనేది, మా వైపు నుంచి పిలిచినట్టు.

నాన్న లేచి వెళ్ళి తరిమెన తొక్కడం మొదలుపెట్టాడు. ఆ పూట తీసిన గిన్నె అంచు మరీ పల్చబడిపోయి ఎగిరి అవతల పడింది.

ఇదంతా జరుగుతున్నా పిల్లలం పిల్లలమే. ఆ చలికాలం నాకు సంతోషంగానే గుర్తుంది. బడి లేదు, దాని కప్పూ ఎగిరిపోయింది. డ్రమ్ము కింద బూడిదలో చిలగడదుంపలు కాల్చుకునేవాళ్ళం. తేగలు దొరికితే తంపటి వేసి కాల్చుకు తినేవాళ్ళం. తాటిచెట్లు మాత్రం తుఫానుని లెక్కచెయ్యలేదు. పనసచెక్క ఉడికిన నీళ్ళు చిక్కటి పసుపురంగులోకి దిగేవి. ఒకరోజు అమ్మ కాలువకి వెళ్ళినప్పుడు, చల్లారిన ఆ నీళ్ళలో నేనూ తమ్ముడూ మామ్మ తెల్లకోడిపెట్టని ముంచి తీశాం. అది బంగారు రంగులోకి మారి, పేటంతా అరుచుకుంటూ తిరిగింది. దానిని పట్టుకోబోయిన అమ్మ చీరకి రంగంటింది. అది ఆదివారం చర్చికి కట్టుకునే తెల్లచీర. ఇంక మాకు దెబ్బలే అనుకున్నాం. అమ్మ చీర చెంగు చూసుకుంది. కోడిని చూసింది. కోడి మెడ ఎత్తి అమ్మనే చూసింది. అమ్మ నవ్వడం మొదలుపెట్టి, ఆపుకోలేక నేల మీద కూర్చుండిపోయింది. తర్వాత చీర మొత్తం ఆ నీళ్ళలోనే పడేసి, తిరగలి రాయి కింద తొక్కిపెట్టి, పసుపుచీర చేసేసుకుంది.

"బాగుందిరా అబ్బాయ్, నీ పెళ్ళానికి పనసపండు రంగొచ్చింది" అంది మామ్మ. నాన్న కూడా నవ్వాడు. మేము నలుగురం, కాదు, మామ్మతో ఐదుగురం, ఒక్కసారిగా నవ్వడం అదే నాకు గుర్తున్నంతలో ఆఖరుది.

వీసా వచ్చింది. మట్టల ఆదివారం దగ్గరపడింది. క్రీస్తు యెరూషలేములోకి వచ్చిన రోజని మా దగ్గర కొబ్బరి మట్టలు పట్టుకుని పేట చుట్టూ ఊరేగేవారు. ఆ ఏడు ఊరు మొత్తం వెతికినా మట్టలు లేవు. కోనసీమలో మట్టలు దొరకని రోజొకటి వస్తుందని ఎవరనుకుంటారు? పాస్టరుగారు ఉట్టి చేతులతోనే నడవమన్నారు. అమ్మ పసుపుచీర కట్టుకుని, నా చెయ్యొకటి తమ్ముడి చెయ్యొకటి పట్టుకుని నడిచింది. మామూలుగా అయితే మట్టల కోసం మేము చేతులు విడిపించుకుని పరిగెత్తేవాళ్ళం.

ఆ వారంలోనే ప్రయాణం. వెళ్ళే ముందు రోజు అమ్మ నన్ను పాక వెనక్కి తీసుకెళ్ళి, ఊక గుట్టలోంచి ఒక గిన్నె తీసి నా చెంపకి ఆనించింది.

"ఎలాగుంది?"

"చల్లగా."

ఇంకోటి తీసింది. అది తుఫానుకి ముందటి చలికాలం పూడ్చింది, బురదలోంచి ఏరి మళ్ళీ ఊకలో పెట్టింది, ఆరిపోయింది. "ఇది?"

మొదటిసారి నాకు తేడా తెలిసింది. రెండోది మనిషి చెయ్యిలాగా ఉంది, చల్లగానూ లేదు, వెచ్చగానూ లేదు. "ఏమీ లేదమ్మా దీనికి" అన్నాను.

"అదే. అలా ఏమీ లేనట్టు ఉండాలి. అలా అయ్యేదాకా నాన్నని తియ్యనివ్వొద్దు. ఆయనకి ఓపిక తక్కువ. మామ్మకి కళ్ళు కనపడవు. నువ్వే చూడాలి."

సఖినేటిపల్లి రేవులో పంటు ఉండేది, మనుషుల్నీ బళ్ళనీ ఎక్కించుకుని నర్సాపురం ఒడ్డుకి దాటించే బల్లకట్టు. అటు నుంచి రైలు, బొంబాయి, అక్కడి నుంచి విమానం. పెద్దమ్మ ముందే ఎక్కి నిలబడింది. అమ్మ సంచిలో రొయ్యల పచ్చడి సీసా, బైబిలు, రెండు చీరలు. తమ్ముడు ఏడుస్తున్నాడు. నాన్న సామాను ఎక్కించి, మళ్ళీ దిగి ఒడ్డున నిలబడ్డాడు. అమ్మ పంటు మీద నుంచి మాకు ఏదో చెబుతోంది, ఇంజను చప్పుడులో వినపడలేదు. నాన్న చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. అమ్మ గొంతు పెంచింది.

"వాన పడితే ఊక మీద టార్పాలిన్ కప్పండి" అంటోంది.

నాన్న తలూపాడు. పంటు ఏటి మధ్యకి వెళ్ళిపోయింది. ఆ మనుషుల్లో పసుపుచీర చాలా దూరం కనిపించింది.

నేను అమ్మ చెప్పినట్టే చేశాను. రోజూ బడి నుంచి వచ్చి గిన్నెలు చెంపకి ఆనించుకునేదాన్ని. నాన్న ఒకటి రెండుసార్లు ఊక దగ్గరికి వచ్చి, "అయ్యిందేమో చూడమ్మా" అన్నాడు. "ఇంకా చల్లగా ఉన్నాయి నాన్నా" అంటే తరిమెన దగ్గరికి వెళ్ళిపోయాడు. ఎండలు ముదిరాయి, వానలు మొదలయ్యాయి. అమ్మ పంపిన డబ్బుతో గోడలు లేచాయి. శీతాకాలం మొదలవుతుండగా ఒకరోజు పొద్దున ఏ గిన్నె తీసినా చెంపకి ఏమీ తెలియలేదు. నాన్నని పిలిచాను.

మొత్తం తవ్వి బయట పరిచాం. ఎండలో వరసగా పెట్టి, నాన్న ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని వేలి కణుపుతో కొట్టి చూశాడు. బీట ఉన్న గిన్నె చచ్చు చప్పుడు చేస్తుంది. బాగున్నది ఖంగుమంటుంది. ఏవో కొన్ని తప్ప అన్నీ ఖంగుమన్నాయి. నాన్న పక్కకి తిరిగి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "మీ అమ్మ చూడాల్సింది" అన్నాడు.

అప్పట్లో కువైటు నుంచి సెలవుకి వచ్చేవాళ్ళ చేత కాసెట్లు పంపుకునేవారు. మాట్లాడి, టేపులో పట్టి పంపడం. అమ్మ దగ్గర నుంచి ఒక కాసెట్టు వచ్చింది. పక్క పేటలో టేపురికార్డరు ఉన్నవాళ్ళింటికి వెళ్ళి, చాప మీద కూర్చుని విన్నాం. అమ్మ గొంతు చదువుతున్నట్టుగా ఉంది. అందరూ బాగున్నారా, నేను బాగున్నాను, వాళ్ళు మంచివాళ్ళు, పిల్లలు చదువుకుంటున్నారా. మధ్యలో ఎవరో అరబ్బీలో పిలిస్తే టేపు ఆగి, మళ్ళీ మొదలైంది. చివర్న, "గిన్నెలు ఎలాగున్నాయండి?" అని ఒక్క మాట. ఆ ఒక్క మాట మాత్రం అమ్మ మాట్లాడినట్టే ఉంది.

జవాబుకి నాన్న ఆ టేపురికార్డరు బతిమాలుకుని ఇంటికి తెచ్చాడు. మామ్మ మాట్లాడింది. నేను పద్యం అప్పజెప్పినట్టు మాట్లాడాను. తమ్ముడు సిగ్గుపడి నీళ్ళకుండ వెనక దాక్కున్నాడు. నాన్న వంతు వచ్చింది. గొంతు సవరించుకున్నాడు గానీ మాట రాలేదు. టేపు తిరుగుతోంది. మామ్మ, "మాట్లాడరా, తిరిగిపోతంది" అంది. నాన్న లేచి పాకలోకి వెళ్ళి గిన్నెలు ఒళ్ళో వేసుకుని తెచ్చి, యంత్రం ముందు కూర్చుని ఒక్కొక్కటీ కణుపుతో కొట్టాడు. ఖంగ్. కింద పెట్టి ఇంకోటి. ఖంగ్. టేపు అయిపోయి టక్కుమని ఆగేదాకా కొడుతూనే ఉన్నాడు.

దాని గురించి అమ్మని ఎన్నో ఏళ్ళ తర్వాత అడిగాను. బట్టలు ఉతికే గదిలో తలుపేసుకుని వినేదట. "మొదటిసారి విన్నప్పుడు టేపు పాడైందేమో అనుకున్నానమ్మా. తర్వాత తెలిసింది" అంది. "అరిగిపోయేదాకా విన్నాను. మీ గొంతులన్నీ నీళ్ళలో మాట్లాడినట్టు అయిపోయేయి. గిన్నె చప్పుడు మాత్రం చాన్నాళ్ళు నిలిచింది."

ఆ గిన్నెలు నునుపు తీసి నర్సాపురం తీసుకెళ్తే షావుకారు సగమే తీసుకున్నాడు. స్టీలు వచ్చేసింది, ప్లాస్టిక్కు వచ్చేసింది, చెక్కదెవరు కొంటున్నారయ్యా అన్నాడట. పెద్దమ్మ చెప్పిన కొన్నాళ్ళూ అయిపోయాయి, ఇంకొన్నాళ్ళు కలిశాయి. మామ్మకి కళ్ళ ఆపరేషను, నా చదువు, తమ్ముడి చదువు. అమ్మ ఒక వేసవిలో సెలవుకి వచ్చింది. నాకు అప్పటికి ఓణీలు వచ్చాయి. నాకోసం తెచ్చిన గౌను మోచేతుల దాకా కూడా ఎక్కలేదు. అమ్మ దాన్ని మడతపెట్టి మళ్ళీ పెట్టెలో పెట్టేసుకుంది. నాన్నా అమ్మా కొత్తగా పెళ్ళయినవాళ్ళలాగా ఒకరికొకరు దారి ఇచ్చుకుంటూ తిరిగారు. వాళ్ళు కాస్త మామూలు అయ్యేసరికి సెలవు అయిపోయింది.

నేను టీచర్ ట్రైనింగులో హాస్టల్లో ఉండగా నాన్నకి ఊపిరి ఆడని జబ్బు పట్టుకుంది. చెక్క పొట్టు పీల్చి పీల్చి అని ఊళ్ళో అన్నారు. ఆసుపత్రిలో ఇంకేదో పేరు చెప్పారు. మంచం పట్టే ముందు ఎవరిదో పనసచెట్టు దొరికితే, ఎవరు కొంటారని కూడా అడక్కుండా ముతక గిన్నెలు తీశాడట. ఉడకబెట్టడానికి ఎవరున్నారు? మామ్మ లేవలేదు, నేనూ తమ్ముడూ చదువులకని బయట ఉన్నాం. అవి పాకలో నేల మీద అలాగే ఉండిపోయాయి.

అమ్మకి ఫోను చేయించాం. పాస్‌పోర్టు ఆ ఇంటివాళ్ళ దగ్గర ఉంది. వాళ్ళింట్లో పెళ్ళి ఉంది. అది అవ్వగానే పంపిస్తామన్నారు. నాన్న అంత దాకా ఆగలేదు.

అమ్మ వచ్చేసరికి సమాధి మీద సిమెంటు ఆరిపోయింది. జ్ఞాపకార్థ కూడిక కూడా జరిగిపోయింది. పంటు దిగి, రిక్షాలో నేరుగా సమాధుల తోటకి వెళ్ళి, అక్కడి నుంచి ఇంటికి వచ్చింది. వచ్చినవాళ్ళందరికీ మర్యాదగా జవాబులు చెప్పింది. "ఆయ్, బానే వచ్చేనండి." "ఆయ్, కూర్చోండి." ఏడుస్తుందని ఎదురుచూసిన ఆడవాళ్ళు కాసేపు కూర్చుని లేచిపోయారు.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి అమ్మ పాకలో ఉంది. ముతక గిన్నెలన్నీ ముందు వేసుకుని ఒక్కొక్కటీ తిప్పి చూస్తోంది. ఒక్కటీ మిగల్లేదు. అన్నింటికీ అంచు నుంచి అడుగు దాకా బీటలు, కొన్నింట్లో వేలు దూరేంత. అన్నీ చూసి, లేచి, కాలువ నుంచి నీళ్ళు మోసుకొచ్చి డ్రమ్ములో పొయ్యడం మొదలుపెట్టింది. డొక్కలు చేర్చింది. మంట వేసింది.

నేను వెళ్ళి, "అవి పగిలిపోయాయి గదమ్మా. ఇప్పుడు ఉడకబెడితే ఏం లాభం?" అన్నాను.

"చూసేనమ్మా."

"మరి?"

అమ్మ గిన్నెల్ని నీళ్ళలోకి జారవిడుస్తూ, "మీ నాన్న చేసి పెట్టేరు. నా పని నేను చెయ్యాలి గదా" అంది.

నేను ఇంకేదో అనబోతే, పెరటి అరుగు మీద నుంచి మామ్మ, "దాన్ని చెయ్యనియ్యవే" అంది.

ఆ రోజంతా అమ్మ డ్రమ్ము దగ్గర నుంచి కదల్లేదు. అన్నం కూడా అక్కడికే తీసుకెళ్ళాను. ఊరంతా ఆ వాసన. దారిన పోయేవాళ్ళు ఆగి చూసి వెళ్ళిపోయారు. ఎండ వాలుతుండగా అమ్మ మెల్లగా మాట్లాడడం మొదలుపెట్టింది. నాతో అనుకుని దగ్గరికి వెళ్ళాను. నాతో కాదు.

"డొక్కలు తడిసిపోయేయండి. పొగ వస్తంది, కాస్త ఇటు జరగండి" అంటోంది. "ఈ అంచు ఇంత పల్చగా తీసేరేంటండీ? చెప్తే ఇనరు గదా." ఏదో విన్నట్టు తలూపి, "ఆయ్, ఆ రాయి నేనే ఎత్తుతాన్లెండి" అంది.

కోపం లేదు ఆ గొంతులో, దుఃఖం కూడా పెద్దగా లేదు. పని దగ్గర మొగుడితో మాట్లాడే ఆడమనిషి గొంతు అంతే. నేను వచ్చినదాన్ని వచ్చినట్టే వెనక్కి తిరిగి వెళ్ళి మామ్మ పక్కన కూర్చున్నాను. మామ్మ నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం అక్కడి నుంచే వింటూ కూర్చున్నాం.

ఆ గిన్నెలు తర్వాత ఏమయ్యాయో నాకు గుర్తులేదు. పొయ్యిలోకే పోయి ఉంటాయి. అమ్మ మళ్ళీ కువైటు వెళ్ళలేదు. నాకు ఉద్యోగం వచ్చాక అమలాపురంలో నా దగ్గరే ఉండి, నా పిల్లల్ని పెంచి, మామ్మ వయసుకి వచ్చి, నిద్రలోనే పోయింది. నాన్న మాట ఆవిడంతట ఆవిడ ఎప్పుడూ ఎత్తేది కాదు.

వాళ్ళిద్దరూ ఒక చూరు కింద కలిసి ఉన్న కాలం అంతా కూడుకుంటే, నేను మావారితో గడిపిన దాంట్లో సగం కూడా రాదు. అందులోనూ ఎక్కువ భాగం ఒకరు తరిమెన దగ్గర, ఒకరు డ్రమ్ము దగ్గర. చెట్టు కొట్టిన వాసన తగిలినప్పుడు నాకు తుఫాను గుర్తు రాదు, రేవు గుర్తు రాదు. ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని విన్న మాటలే వినిపిస్తాయి. మా అమ్మా నాన్నా మాట్లాడుకోగా నేను విన్నది అదే ఆఖరు.